నాన్న పంచె మీద వాలిన పురుగులు

పోయిన ఏడాది మృగశిర కార్తెలో వాన పడిన రాత్రి మా వసారా ట్యూబులైటు చుట్టూ ఉసిళ్ళు ముసురుకున్నాయి. ఊళ్ళో అందరూ చేసే పనే మేమూ చేశాం. లోపలి లైట్లన్నీ ఆర్పేసి, వసారా లైటు ఒక్కటే ఉంచి, దాని కింద వెడల్పాటి బేసినులో నీళ్ళు పెట్టాం. అరగంటలో ఉసిళ్ళ గోల తగ్గింది. అప్పుడు కనిపించింది, లైటుకి జానెడు దూరంలో గోడకి అంటుకున్న ఒక రెక్కల పురుగు. గోధుమరంగు రెక్కలు. వాటి మీద లేత గీతలు సన్నటి కలంతో గీసినట్టు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతున్నాయి.

"తాతయ్యా, ఇదేం పురుగు?" అన్నాడు మా అబ్బాయి.

నలభై అయిదేళ్ళుగా వ్యవసాయం చేస్తున్న నాన్న "దీపపు పురుగురా" అన్నారు. పదహారేళ్ళుగా బళ్ళో జీవశాస్త్రం చెబుతున్న నేను "చిమ్మట" అన్నాను.

"అది తెలుసమ్మా. ఏ చిమ్మట?" అన్నాడు వాడు.

మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఫోనుతో ఫోటో తీసి పెట్టుకున్నాను. ఆ ఫోటో లేకపోతే తర్వాతి నాలుగు నెలల కథ లేదు.

మాది జంగారెడ్డిగూడెం దగ్గర పల్లె. చుట్టూ పామాయిల్ తోటలు, పొగాకు, మొక్కజొన్న, చెరువు కింద కొంచెం వరి. బుట్టాయగూడెం వైపు పోతే పాపికొండల అడవి. ఇన్ని రకాల మొక్కలున్న చోట రాత్రిపూట ఎన్ని రకాల పురుగులు తిరుగుతుంటాయో చూడాలనిపించింది. దండెం మీద నాన్న తెల్ల పంచె ఆరేసి, దాని ముందు ఇంట్లో ఉన్న తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు వేలాడదీశాను. మూడు రాత్రులు కూర్చున్నాను. దోమలు, నాలుగు పచ్చదోమలు, ఒక పేడపురుగు. అంతే.

కారణం వెతికితే తేలింది. మన కంటికి కనపడని అతినీలలోహిత (యూవీ) కాంతిని చాలా పురుగులు చూడగలవు. తెల్ల ఎల్‌ఈడీ బల్బులో ఆ కాంతి దాదాపు ఉండదు. పాత ట్యూబులైటులో కొంచెం ఉంటుంది, పాదరసపు దీపాల్లో బాగా ఉంటుంది. వీటి మీద పరిశోధన చేసేవాళ్ళు ఎక్కువగా 160 వాట్ల పాదరసపు బల్బు వాడతారట. అది విపరీతంగా వేడెక్కుతుంది, వెలుగుతున్నప్పుడు వాన చినుకు పడితే పగిలిపోతుంది. పిల్లవాడున్న ఇంట్లో నాకు ధైర్యం చాల్లేదు.

ఈలోపు నాన్న తన పద్ధతి చెప్పారు. "దీపపు ఎర పెడితే చాలు కదమ్మా, మేం వరిలో పెట్టేవాళ్ళం" అన్నారు. టబ్బులో నీళ్ళు పోసి, పైన కాస్త కిరసనాయిలు వేసి, నడిమధ్యన దీపం పెట్టడం. దీపానికొచ్చిన పురుగు నీళ్ళలో పడి చస్తుంది. పాత ట్యూబులైటుతో ఒక రాత్రి అలాగే పెట్టాం. తెల్లారి చూస్తే టబ్బులో అంబలిలా తేలుతున్నాయి. చిమ్మటల రెక్కల మీది పొడి అంతా నీళ్ళలో కలిసిపోయి, ఏది ఏదో గుర్తుపట్టే వీల్లేకుండా పోయింది. అందులోనే అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, నేల మీద తిరుగుతూ లద్దెపురుగుల్ని తినే నల్ల పెంకుపురుగులు కూడా చచ్చి ఉన్నాయి. చెంచాతో ఒక్కొక్కటే తీసి పాత పేపరు మీద ఆరబెడుతూ ఉంటే నాకు కడుపులో తిప్పింది. పంటకి మేలు చేసేవాటిని నా చేత్తో నేనే చంపాను. ఇక చంపే ఎర పెట్టకూడదని ఆ పొద్దున్నే అనుకున్నాను.

హోటళ్ళలో ఈగల్ని పట్టే యంత్రాల్లో నీలంగా వెలిగే ట్యూబు ఉంటుంది చూశారా, నాకు కావలసింది అదే. దాని కాంతి 365 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. పట్నంలో ఒక కరెంటు సామాన్ల కొట్లో "యూవీ ట్యూబు" అని అడిగితే వెంటనే ఒకటి తీసిచ్చారు. ఇంటికొచ్చాక గాజు మీద సన్నక్షరాలు చదివితే 254 అని ఉంది. అది మంచినీళ్ళ ఫిల్టర్లలో సూక్ష్మక్రిముల్ని చంపేందుకు వాడే ట్యూబు. దాని ఎదురుగా కాసేపు కూర్చుంటే కళ్ళు మంటలెత్తుతాయి, చర్మం కమిలిపోతుంది. ఆ అంకె చూడకుండా వెలిగించి ఉంటే మా అబ్బాయి మొహం దాని ముందే పెట్టుకుని కూర్చునేవాడు. ఎవరైనా ఈ పని మొదలుపెడితే ఈ ఒక్కటీ మర్చిపోకండి: ట్యూబు మీద 254 అని ఉన్నా, యూవీ-సి అని ఉన్నా వెనక్కి ఇచ్చేయండి. సరైన ఎనిమిది వాట్ల ట్యూబు ఆన్‌లైన్లో తెప్పించుకున్నాను. దాన్ని కూడా నేరుగా తేరిపార చూడకూడదు. మేం దాన్ని పంచె వైపు తిప్పి, మా వైపు అట్టముక్క అడ్డుపెట్టాం.

పంచె కట్టడంలో కూడా కొన్ని సంగతులు పోగా పోగా తెలిశాయి. కింది అంచు గాలికి ఊగకూడదు. మూరెడు గుడ్డ నేల మీద పరిచి రాళ్ళు పెట్టాలి, ఎందుకంటే సగం పురుగులు గుడ్డ మీద వాలకుండా కిందపడి పాకుతాయి. పంచె ముఖం పొలం వైపు ఉండాలి. వసారా లైటు, వంటింటి లైటు ఆర్పేయాలి. స్విచ్చుబోర్డు పెట్టెను పీట మీద పెట్టి, మీద ప్లాస్టిక్ బకెట్టు బోర్లించాలి. వానాకాలం పని కదా.

నీలం దీపం వెలిగించిన మొదటి రాత్రి ఏడున్నరకి మొదలైంది. ముందు వచ్చినవి చిన్న పెంకుపురుగులు, పచ్చదోమలు. వరి రైతులు వీటిని పచ్చ దీపపు పురుగులని కూడా అంటారు. పేరులోనే దీపం ఉన్న పురుగు నా దీపానికి రావడం చూసి నాకు చెప్పలేనంత సంతోషమేసింది. ఎనిమిదింటికి చెరువు వైపు నుంచి ఒక నీటిపురుగు, అరచేతిలో సగం ఉంటుంది, రాయి విసిరినట్టు వచ్చి పంచెని తాకి కింద పడింది. దాన్ని ముట్టుకోబోతే నాన్న "చెయ్యి పెట్టకు, కుడుతుంది" అన్నారు. తొమ్మిది దాటాక రెక్కల పురుగులు వచ్చాయి. ఒకటి తెల్లగా, రెక్కల నిండా ఎర్రచుక్కలు. ఒకటి ఎండుటాకులా, ఈనెతో సహా. ఒకటి గోరంత కూడా లేదు కానీ బంగారు పూత పూసినట్టుంది. ఎదురింటి పిన్నిగారు గోడ మీంచి చూసి "ఏంటమ్మా, పంచెకి దీపం పెట్టి నోము పట్టావా?" అన్నారు. రమ్మంటే వచ్చి పదకొండింటి దాకా కూర్చున్నారు.

జీవుల ఫోటోలు పెడితే పేర్లు గుర్తుపట్టడంలో సాయం చేసే ఐనాచురలిస్టు అనే వెబ్‌సైటులో నా ఫోటోలు పెట్టేదాన్ని. మాత్స్ ఆఫ్ ఇండియా వెబ్‌సైటులో బొమ్మలు పోల్చుకునేదాన్ని. హాంప్సన్ అనే ఆంగ్లేయుడు 1892 నుంచి 1896 మధ్య నాలుగు సంపుటాల్లో రాసిన భారతదేశపు చిమ్మటల వివరాలకీ ఇప్పటికీ విలువ ఉందని అక్కడే తెలిసింది. మన దేశంలో పదివేలకు పైగా చిమ్మట జాతులున్నాయి. నా ఫోటోల్లో సగానికి జాతి పేరు దొరకలేదు, కుటుంబం దగ్గరే ఆగిపోయాయి. కొన్నిటికి రెక్కలు చూస్తే చాలదు, పొట్ట కోసి లోపలి భాగాలు చూడాల్సిందే. నేనా పని చెయ్యను. పేరు తెలియకుండా ఎగిరిపోయినా ఫర్వాలేదు.

రెండు వారాలు గడిచాక ఒక సంగతి గమనించాను. పంచె మీద వాలినవాటిని నాన్న ఒక్కటి కూడా పేరుపెట్టి చెప్పలేకపోతున్నారు. అదే పొద్దున పొలంలో పురుగుని చూపిస్తే టక్కున చెబుతారు: లద్దె పురుగు, శనగపచ్చ పురుగు, మొగి పురుగు, కత్తెర పురుగు, గొంగళి. ఆకుని తినేది, కాయని తొలిచేది ఆ దశ కాబట్టి దానికి పేర్లున్నాయి. రెక్కలొచ్చాక ఆకు కొరకదు కాబట్టి అన్నిటికీ కలిపి ఒకటే పేరు, దీపపు పురుగు. నాదీ అలాంటి సగం చదువే. గుడ్డు, లార్వా, ప్యూపా, ప్రౌఢజీవి అని బోర్డు మీద గుండ్రంగా బాణాలు గీసి పదహారేళ్ళుగా చెబుతున్నాను. మా కంచె మీద పాకే లార్వా మా గోడ మీద వాలే ఏ రెక్కల పురుగవుతుందో ఒక్కసారీ చూడలేదు.

అందుకని పగటిపూట పురుగుల్ని తెచ్చి పెంచడం మొదలుపెట్టాను. హార్లిక్సు సీసాలు, మూతికి పాత ఓణీ ముక్క, రబ్బరుబ్యాండు, అడుగున నాలుగు వేళ్ళ మందాన తడిమట్టి. కంచె దగ్గర ఆముదం ఆకుల్ని జల్లెడ చేస్తున్న లద్దె పురుగుల్ని ఆరింటిని తెచ్చాను. రోజూ కొత్త ఆకు వెయ్యడం, పెంట తీసేయడం మా అబ్బాయి పని. వారానికి అయిదు మట్టిలోకి దిగాయి. ఆరోది దిగలేదు, ఎండిపోయినట్టయింది. దాంట్లోంచి పురుగు బదులు ఒక ఈగ వచ్చింది. బతికున్న లద్దె పురుగు మీద గుడ్డు పెట్టి, దాని లోపలే పిల్లని పెంచే ఈగలున్నాయని చదివాను కానీ, సీసాలో కళ్ళెదురుగా చూసేసరికి ఒళ్ళు జలదరించింది. నాన్న దాన్ని చాలాసేపు చూసి, "అయితే ఇది మన మనిషే" అన్నారు. వదిలెయ్యమని వారే ఓణీ ముక్క విప్పారు.

అవి మట్టిలోకి దిగిన తొమ్మిదో రోజు తెల్లవారుజామున సీసా గోడకి రెక్కలు ఆరబెట్టుకుంటూ ఒక చిమ్మట కనిపించింది. గోధుమరంగు. లేత గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ. నేను ఫోను తీసి మృగశిర రాత్రి ఫోటో వెతికాను. రెండూ పక్కపక్కన పెట్టి నాన్నకి చూపించాను. ఉసిళ్ళ రాత్రి మా గోడ మీద కూర్చున్నది పొగాకు లద్దె పురుగు తల్లో తండ్రో.

నాన్న ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. "దీన్ని నా చిన్నప్పటినుంచి చూస్తున్నా. మందు కొట్టి ఇంటికొచ్చి, ఈ లైటు కింద కూర్చునే అన్నం తిన్నా" అన్నారు కాసేపటికి.

ఆ తర్వాత నుంచి నాన్న పంచె దగ్గరికి కుర్చీ తెచ్చుకున్నారు. కత్తెర పురుగు గురించి ఆయనే అడిగారు. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఆ పురుగు మన దేశంలో మొదట 2018లో కర్ణాటకలో బయటపడింది. తర్వాత మా మొక్కజొన్ననీ వదల్లేదు. పురుగుగా ఉన్నప్పుడు తల మీద తిరగేసిన వై అక్షరం, తోక దగ్గర చదరంగా నాలుగు చుక్కలు చూసి దాన్ని నాన్న గుర్తుపడతారు. అది చిమ్మటయ్యాక మగదానికి రెక్క కొసన తెల్లమచ్చ ఉంటుందని ఫోటోలో చూపించాను. మూడు రాత్రుల తర్వాత దాన్ని పంచె మీద కనిపెట్టింది కూడా ఆయనే. వరి కాండాన్ని తొలిచే మొగి పురుగుదీ అంతే. పసుపు రెక్కకి ఒక్కో నల్లచుక్క, తోక చివర బొచ్చుకుచ్చు, అది ఆడది. తన గుడ్ల మీద ఆ బొచ్చే కప్పుతుంది. మొవ్వు చచ్చిన పిలకల్నీ, తెల్ల కంకుల్నీ నలభై ఏళ్ళు పీకిన మనిషి ఆ పసుపు రెక్కల ముందు వంగి కూర్చోవడం నేను ఫోటో తీసుకున్నాను.

పురుగులు దీపానికి ఎందుకొస్తాయని మా అబ్బాయి అడిగితే చంద్రుడనుకుని దారి తప్పుతాయని నేను బళ్ళో చెప్పే జవాబే చెప్పాను. తర్వాత చదివితే అది సరికాదనిపించింది. 2024లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన, పురుగులు దీపం వైపు నేరుగా రావని వేగమైన కెమెరాలతో చూపించింది. ఎగిరేటప్పుడు అవి వీపుని ఎప్పుడూ వెలుగు వైపు తిప్పి ఉంచుతాయి. కోట్ల ఏళ్ళుగా రాత్రిపూట కూడా నేలకన్నా ఆకాశమే వెలుగు కాబట్టి, వీపు వెలుగుకి ఉంటే ఏది పైన, ఏది కింద అనేది వాటికి తెలుస్తుంది. పక్కన దీపం పెడితే వీపు దాని వైపు వంగి, దాని చుట్టూ తిరుగుతూ అక్కడే చిక్కుపడిపోతాయి. మేం పరీక్షించాం. టార్చిలైటు నేల మీద ఆకాశం వైపు నిలబెట్టాం. దాని పైగా ఎగిరిన పురుగులు గాల్లోనే వెల్లకిలా తిరిగి, దబ్బున కింద పడ్డాయి. రెండు మూడు సార్లు చూశాక మా అబ్బాయే టార్చి ఆర్పేశాడు. "పాపం, వాటికి పైన కింద తెలీట్లేదమ్మా" అన్నాడు.

ఆ మాట విన్నాక నేను వేళలు పెట్టుకున్నాను. వారంలో రెండే రాత్రులు, ఏడు నుంచి పదిన్నర దాకా. దీపం చుట్టూ తిరిగినంతసేపూ వాటికి తిండి ఉండదు, జత దొరకదు, గుడ్లు పెట్టే పని ఆగిపోతుంది. ఒకసారి దీపం వెలుగుతుండగానే నిద్రపోయి తెల్లారి లేచేసరికి పంచె మీద రెక్కలు తప్ప ఏమీ మిగల్లేదు. రాత్రి బల్లులు, కప్పలు తిన్నవి పోగా, మిగిలినవాటిని తెల్లవారుతూనే రెండు పసుల పోలిగాళ్ళు, పిగిలిపిట్టలు వచ్చి ఏరుకుపోయాయి. మర్నాడు కూడా అవి అదే వేళకి వచ్చి దండెం మీద కూర్చున్నాయి. అప్పటినుంచి దీపం ఆర్పాక పంచెని మెల్లగా నందివర్ధనం పొదలో దులిపేవాళ్ళం.

ఒక దెబ్బ కూడా తగిలింది. ఆగస్టులో మా అబ్బాయి మెడ మీద ఏదో పాకితే అరచేత్తో రుద్దేశాడు. మర్నాటికి అక్కడ ఎర్రటి చార, దాని మీద సన్నటి బొబ్బలు. అది చీమలా సన్నగా, నారింజా నలుపూ పట్టీలతో ఉండే ఒక పెంకుపురుగు పని. అది కుట్టదు, కరవదు. నలిపితే దాని ఒంట్లోని పెడెరిన్ అనే విషం చర్మాన్ని కాలుస్తుంది. డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం, పది రోజులకి తగ్గింది, మచ్చ నెల రోజులుంది. ఇప్పుడు పంచె దగ్గరికి ఎవరొచ్చినా నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. ఒంటి మీద ఏది పాకినా ఊది ఎగరగొట్టాలి, రుద్దకూడదు, లోపలికెళ్ళగానే సబ్బుతో కడుక్కోవాలి.

నా పుస్తకంలో రాత్రుల లెక్క కూడా ఉంది. పున్నమి దగ్గర ఏ రాత్రీ పెద్దగా రాలేదు. అమావాస్య, మబ్బు, ఉక్కపోత, గాలి లేకపోవడం, ఈ నాలుగూ కలిస్తే పంచె కనపడదు. ఆషాఢ అమావాస్య రాత్రి అలాగే అయింది. చిలగడదుంప తీగ తినే పురుగు చిమ్మటగా మారి, పొట్ట మీద గులాబీ పట్టీలతో వచ్చింది. పదిన్నరకి దీపం ఆర్పబోతుంటే కొసరుగా ఒక పెద్దది వచ్చి పంచె మధ్యలో వాలింది. వీపు మీద మనిషి పుర్రెలాంటి మచ్చ. గ్లాసుతో మూయబోతే కీచుమంది. పిన్నిగారు రెండడుగులు వెనక్కి వేసి దణ్ణం పెట్టారు. నిజానికి అది ఎవరికీ ఏ కీడూ చెయ్యదు. తేనెపట్టులోకి దూరి తేనె తాగుతుంది, నోటి గొట్టంలోకి గాలి లాగి వదిలి ఆ శబ్దం చేస్తుంది. దాని పురుగు నువ్వు చేలో ఉంటుందని, తోక దగ్గర వంకర కొమ్ముంటుందని చదివి వినిపిస్తుంటే నాన్న మధ్యలోనే అందుకున్నారు. "బొటనవేలంత లావు, పక్కలకి ఏటవాలు చారలు. అదా ఇది!" అన్నారు. ఈసారి రెండు సగాలూ కలిపింది ఆయన.

అన్నీ దీపానికి రావు. బత్తాయిని, జామని పొడిచి రసం పీల్చే నారింజరంగు వెనకరెక్కల చిమ్మట మా పంచె మీదికి ఒక్కసారే వచ్చింది. ముగ్గిన అరటిపండు, బెల్లం కలిపి జామచెట్టు మొదలుకి పూస్తే మాత్రం టార్చి వెలుగులో మూడు కనిపించాయి. దాని పురుగు మా కంచె మీది తిప్పతీగ ఆకే తింటుంది. ఆ తీగని నేనే కషాయానికని పాకించాను.

సెప్టెంబరు మొదటి వారంలో నాన్న పొగాకు నారుమడి పోశారు. లద్దె పురుగు పడితే రెండు రాత్రుల్లో మడి మడే పోతుంది. అందుకని, గుడ్లు మడిలో కాక ఆముదపాకుల మీద పెట్టేలా చుట్టూ ఆముదం గింజలు నాటడం పాత అలవాటు. ఒక రాత్రి నేను బడి పేపర్లు దిద్దుకుంటుంటే వసారాలోంచి పిలిచారు. "అమ్మాయ్, ఆ లెక్కల పుస్తకం పట్రా." ట్యూబులైటు పక్కన నాలుగు కూర్చుని ఉన్నాయి, గోధుమరంగువి, గీతలవి. నిన్న ఒక్కటే ఉందని, మొన్న ఏమీ లేవని ఆయనే చెప్పారు. నాకు తెలీకుండా రోజూ చూస్తున్నారు.

తెల్లారకముందే నారుమడికి వెళ్ళారు. నేను బడికి బయల్దేరే వేళకి తిరిగొచ్చారు, మోకాళ్ళ దాకా మంచు తడి. తువ్వాలు మడతలోంచి ఒక ఆముదపాకు తీసి తిరగేశారు. అడుగున ఈనె పక్కన, గోధుమరంగు నూగు కప్పుకుని, పావలా బిళ్ళంత గుడ్ల ముద్ద.

"పదకొండు ఆకులు తుంచేశా. ఇది ఒక్కటి నీ సీసాకి తెచ్చా" అన్నారు.